డియోడరెంట్ మానేసి చెమట వాసనను అదుపులో పెట్టుకోవడం ఎలా

మొదటిసారి డియోడరెంట్ మానేసినప్పుడు నేను ఏం చేశానో చెప్తాను, మీరు అది మాత్రం చేయకండి. ఘాటు సెంటున్న స్ప్రే పడక చంకల్లో దురద మొదలైంది. దాన్ని పక్కన పెట్టేసి, ఎవరో చెప్పారు కదా అని వంట సోడాను నీళ్లతో ముద్దలా కలిపి రోజూ రాసుకున్నాను. రెండు వారాలు వాసనన్నదే లేదు. మూడో వారానికి చంకలు ఎర్రగా కమిలిపోయాయి, చేయి దించితే మంట, చొక్కా తగిలితే మంట, పూర్తిగా తగ్గడానికి నెల దాకా పట్టింది. ఏది ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోకుండా రాసుకోవడం వల్ల వచ్చిన తిప్పలు అవి. అందుకే ఇక్కడ దినుసుల చిట్టా ఇచ్చి ఊరుకోను. వాసన ఎక్కడ పుడుతుందో ముందు చెప్తాను, ఆ తర్వాత ఏం చేయాలో వరుసగా చెప్తాను. వరుస మార్చకండి, ఎందుకంటే ఏం రాసుకోవాలి అన్నది ఇందులో ఐదో మెట్టు.

వాసన అసలు ఎక్కడిది?

అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసన ఉండదు. నమ్మకం కుదరకపోతే ఎండలో నడిచొచ్చిన వెంటనే నుదురు తుడుచుకుని చూడండి, తడిగా ఉంటుంది, ఉప్పగా ఉంటుంది, అంతే. మన ఒంట్లో చెమట గ్రంథులు ముఖ్యంగా రెండు రకాలు. ఒళ్లంతా పరుచుకుని 20 నుంచి 40 లక్షల దాకా ఉండేవి ఎక్రైన్ గ్రంథులు. ఒంటిని చల్లబరచడం వీటి పని, వీటి నుంచి వచ్చేది ఉప్పునీళ్లలాంటిదే. రెండోవి ఎపోక్రైన్ గ్రంథులు, ఇవి ఎక్కువగా చంకల్లో, గజ్జల్లో ఉంటాయి, యుక్తవయసు వచ్చాకే పని మొదలుపెడతాయి. చిన్నపిల్లలు రోజంతా చెమటలు కారేలా ఆడుకున్నా పెద్దవాళ్లలా వాసన రాకపోవడానికి కారణం అదే. ఈ రెండో రకం చెమట కాస్త చిక్కగా ఉంటుంది, అందులో కొవ్వులు, ప్రోటీన్లు ఉంటాయి, టెన్షన్ పడినప్పుడు, భయపడినప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది.

చంకలో ఎప్పుడూ వెచ్చగా, తడిగా ఉంటుంది, గాలి ఆడదు. కొరినెబ్యాక్టీరియం, స్టెఫిలోకాకస్ హొమినిస్ లాంటి బ్యాక్టీరియాకు అంతకంటే మంచి చోటు దొరకదు. అవి ఆ చిక్కటి చెమటలో ఉన్నవాటిని విడగొట్టి ఘాటైన ఆమ్లాలను, గంధకం ఉన్న పదార్థాలను వదులుతాయి. కుళ్లిన ఉల్లిపాయలా ముక్కు పగిలే ఆ కంపు గంధకం పదార్థాలదే, అవి ఎంత కొంచెం ఉన్నా ముక్కు పసిగట్టేస్తుంది.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చెప్పాలి. ఏబీసీసీ11 అనే జన్యువులో ఒక రకం తేడా ఉన్నవాళ్లకు చంకల్లో వాసన పెద్దగా రాదు, వాళ్ల చెవిలో గులిమి కూడా జిగటగా కాకుండా పొడిపొడిగా ఉంటుంది. తూర్పు ఆసియాలో ఎక్కువమంది ఇలాంటివాళ్లే. మీ గులిమి పొడిగా ఉంటే మీకు డియోడరెంట్ అవసరమే లేకపోవచ్చు, ఇన్నాళ్లూ అలవాటు కొద్దీ వాడుతున్నారేమో ఓ వారం మానేసి చూడండి.

మిగతావాళ్లం గుర్తుపెట్టుకోవాల్సింది ఇది: వాసన రావాలంటే చెమట, బ్యాక్టీరియా, తడి, కొంత సమయం, ఈ నాలుగూ కలవాలి. కింద చెప్పే ప్రతి పనీ ఈ నాలుగింటిలో ఏదో ఒకదాన్ని తగ్గించడానికే.

మానేసే ముందు ఒక మాట

మీరు ఇప్పుడు వాడుతున్న డబ్బా మీద ఏం రాసి ఉందో చూడండి. డియోడరెంట్ వేరు, యాంటీపెర్‌స్పిరెంట్ వేరు. డియోడరెంట్ బ్యాక్టీరియాను తగ్గిస్తుంది, పైన సెంటు వాసన కప్పుతుంది. యాంటీపెర్‌స్పిరెంట్‌లో అల్యూమినియం లవణాలు ఉంటాయి, అవి చెమట వచ్చే దారిలో తాత్కాలికంగా బిరడాలా అడ్డుపడి చెమటనే తగ్గిస్తాయి. ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటే, సహజమైన పద్ధతులు వాసనను తగ్గిస్తాయి కానీ చెమటను పెద్దగా ఆపవు. చంక తడుస్తుంది. చొక్కాకు మరక కనిపించవచ్చు. దీనికి సిద్ధపడితేనే మానేయండి, లేకపోతే వారంలో విసుగొచ్చి మళ్లీ పాత డబ్బా దగ్గరికే వెళ్తారు.

భయపడి మానేస్తున్నవాళ్లకు కూడా ఒక మాట. యాంటీపెర్‌స్పిరెంట్ వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తుందని ఏళ్లుగా తిరుగుతున్న మాట ఉంది. అమెరికాలోని నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, అమెరికన్ క్యాన్సర్ సొసైటీ రెండూ అలాంటి సంబంధం ఉందని స్పష్టంగా తేలలేదనే చెప్తున్నాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం అల్యూమినియం ఉన్నవి వాడే ముందు డాక్టర్‌ను అడగాలి, అమెరికాలో యాంటీపెర్‌స్పిరెంట్ల మీద ఆ హెచ్చరిక తప్పనిసరిగా రాస్తారు. నా వరకు నేను మానేయడానికి కారణం చర్మం. సెంటు పడదు, ఆల్కహాల్ మంట పెడుతుంది. మీకూ దద్దుర్లు, దురద, నలుపెక్కడం లాంటివి ఉంటే మార్చడానికి ఆ కారణం చాలు, క్యాన్సర్ భయం అక్కర్లేదు.

మొదటి మెట్టు: కడుక్కునే పద్ధతి మార్చండి

చాలామంది స్నానంలో చంకల మీదుగా సబ్బు ఒకసారి అలా పోనిచ్చి నీళ్లు పోసేసుకుంటారు. అది చాలదు. చేతివేళ్లతో నురగ చేసి ఒక్కో చంకలో అర నిమిషం పాటు మెత్తగా రుద్దండి, వెంట్రుకల మొదళ్ల దాకా వెళ్లాలి, తర్వాత జిడ్డు, సబ్బు రెండూ పోయేదాకా నీళ్లతో బాగా కడగండి. గరుకు పీచుతో గట్టిగా తోమకండి. తోమినకొద్దీ చర్మం పైపొర దెబ్బతిని, ఆ తర్వాత రాసుకునేది ఏదైనా మంట పెడుతుంది.

ఉదయం ఒక స్నానం, పడుకునే ముందు చంకలు మాత్రం కడుక్కోవడం, ఈ రెండూ పాటిస్తే చాలు. రాత్రి కడుక్కోవడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ నాకు అన్నిటికంటే ఎక్కువ తేడా తెలిసింది దానితోనే. పగలంతా పేరుకున్న చెమటను రాత్రంతా బ్యాక్టీరియాకు వదిలేయడం లేదు కదా, అందుకు.

రెండో మెట్టు: వెంట్రుకలు

పూర్తిగా గీసేయాల్సిన అవసరం లేదు, కత్తెరతో పొట్టిగా కత్తిరించుకున్నా సరిపోతుంది. వెంట్రుకలు ఎక్కువగా ఉంటే చెమట అక్కడే నిలుస్తుంది, సబ్బు లోపలికి పోదు. ఒకవేళ షేవ్ చేసుకుంటే రాత్రిపూట చేసుకోండి, ఆ రాత్రి ఏమీ రాయకండి. బ్లేడు ఆడిన చర్మం మీద పటిక గానీ వెనిగర్ గానీ పెడితే ఎలా మండుతుందో ఒక్కసారి అనుభవిస్తే మర్చిపోరు.

మూడో మెట్టు: ఆరనివ్వండి

టవల్‌తో అద్దుకుని చేతులు కాస్త పైకెత్తి రెండు మూడు నిమిషాలు గాలి తగలనివ్వండి. ఫ్యాన్ కింద నిలబడితే ఇంకా త్వరగా ఆరుతుంది. తడి చంక మీద క్రీమ్ రాస్తే అది నిలవదు, జారి బట్టకు అంటుకుంటుంది. ఆఫీసులో, ప్రయాణంలో ఉన్నప్పుడు ఒక మెత్తటి కాటన్ చేతిరుమాలు దగ్గర పెట్టుకుని మధ్యాహ్నం ఒకసారి తుడుచుకోవడం కూడా ఇందులో భాగమే. తడి గుడ్డతో తుడిచి, తర్వాత పొడి గుడ్డతో అద్దాలి.

నాలుగో మెట్టు: ముందు మోచేతి మీద పరీక్ష

ఏది రాసుకోవాలనుకున్నా ముందు మోచేతి లోపలివైపు చిన్న నాణెం అంత మేర రాసి ఒక రోజు చూడండి. ఎర్రబడకపోతే, దురద రాకపోతే రెండు మూడు రోజులు ఒక్క చంకలోనే వాడండి, ఆ తర్వాతే రెండింటిలోనూ. ఒక్క చంకతో మొదలుపెడితే ఇంకో లాభం కూడా ఉంది, అది నిజంగా పనిచేస్తోందో లేదో రెండో చంకతో పోల్చి మీరే తేల్చుకోవచ్చు. ఒకేసారి రెండు మూడు కొత్తవి కలిపి మొదలుపెట్టకండి, ఏది పడలేదో తెలియదు.

ఐదో మెట్టు: ఏం రాసుకోవాలి

పటిక. ఇన్నిట్లోకీ సులువైనది ఇదే, మొదలుపెట్టేవాళ్లకు నేను ముందు చెప్పేదీ ఇదే. నున్నగా ఉన్న పటిక ముక్కను నీళ్లలో ముంచి తీసి, కడిగిన చంక మీద పైనుంచి కిందికి ఓ 20, 30 సెకన్లు రుద్దండి, ఆరనివ్వండి, పని అయిపోయింది. పటిక చర్మాన్ని కాస్త బిగుతు చేసి, పైన బ్యాక్టీరియా పెరగకుండా చూస్తుంది. సెంటు లేదు, నూనె లేదు, బట్టకు మరక పడదు. వాడాక ముక్కను కడిగి తుడిచి పొడిచోట పెట్టుకోవాలి, తడిలో వదిలేస్తే కరిగి అంచులు గరుకెక్కుతాయి, అప్పుడు చర్మం గీసుకుపోతుంది. గరుకెక్కిన ముక్కను వేడినీళ్లలో కాసేపు అటూ ఇటూ తిప్పితే మళ్లీ నున్నబడుతుంది.

రుద్దుకోవడం ఇష్టం లేకపోతే స్ప్రే చేసుకోవచ్చు. కాచి చల్లార్చిన నీళ్లు 100 మిల్లీలీటర్లకు పటిక పొడి అర చిన్న చెంచా వేసి పూర్తిగా కరిగేదాకా తిప్పి, శుభ్రమైన స్ప్రే సీసాలో పోయండి. ఫ్రిజ్‌లో పెట్టి వారంలో వాడేయండి. చల్లటి స్ప్రే చంకలో పడితే హాయిగా కూడా ఉంటుంది.

ఒక విషయం దాచకూడదు. పటికను "అల్యూమినియం లేనిది" అని రాసి అమ్మేవాళ్లున్నారు. అది నిజం కాదు. పటిక అంటేనే పొటాషియం, అల్యూమినియం కలిసిన సల్ఫేట్. యాంటీపెర్‌స్పిరెంట్‌లో వాడే అల్యూమినియం లవణం వేరు, పటిక వేరు, అవి పనిచేసే తీరూ ఒకటి కాదు, అది ఒప్పుకుంటాను. కానీ అల్యూమినియం అసలే వద్దు అనుకునేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌తో మాట్లాడకుండా పటిక వాడకండి, కింద చెప్పే జింక్ క్రీమ్ చూడండి.

జింక్ ఆక్సైడ్ క్రీమ్. నేను చివరికి స్థిరపడింది దీని దగ్గరే. పసిపిల్లలకు డైపర్ వల్ల ఒరుపు వస్తే రాసే తెల్లటి క్రీముల్లో ఉండేది జింక్ ఆక్సైడే, అంటే సున్నితమైన చర్మానికి కూడా సాధారణంగా పడుతుంది. వాసనకు జింక్ వాడటం కొత్తేమీ కాదు, 1888లో అమెరికాలో "మమ్" అనే పేరుతో వచ్చిన తొలి డియోడరెంట్‌లో కూడా జింకే ఉంది. బ్యాక్టీరియా పెరగకుండా చూడటంతో పాటు వాసన వేసే ఆమ్లాలను కూడా జింక్ పట్టేసుకుంటుంది.

ఇంట్లో చేసుకోవాలంటే ఇవి కావాలి: కొబ్బరి నూనె 3 పెద్ద చెంచాలు, తురిమిన తేనెమైనం 1 చిన్న చెంచా, కార్న్‌ఫ్లోర్ లేదా ఆరోరూట్ పొడి 3 పెద్ద చెంచాలు, చర్మానికి వాడదగ్గ మెత్తటి జింక్ ఆక్సైడ్ పొడి 1 పెద్ద చెంచా. పెద్ద చెంచా అంటే 15 మిల్లీలీటర్లది, చిన్నది 5 మిల్లీలీటర్లది. రంగులకు, పెయింట్లకు వాడే జింక్ పొడి పనికిరాదు, అది మాత్రం కొనేటప్పుడే చూసుకోండి.

వెడల్పాటి గిన్నెలో నీళ్లు మరిగించి, మంట తగ్గించి, అందులో ఇంకో చిన్న గిన్నె పెట్టి కొబ్బరి నూనె, తేనెమైనం వేయండి. తేనెమైనం సుమారు 63 డిగ్రీల దగ్గర గానీ కరగదు కాబట్టి కాస్త ఓపిక పట్టాలి, నేరుగా పొయ్యి మీద పెట్టి తొందరపెట్టకండి. పూర్తిగా కరిగాక దించి, జింక్, కార్న్‌ఫ్లోర్ జల్లించి కొంచెం కొంచెంగా వేస్తూ ఉండలు కట్టకుండా కలపండి. జింక్ పొడి లేచేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి, ఏ మెత్తటి పొడైనా పీల్చకూడదు. చల్లారేదాకా మధ్యమధ్యలో కలుపుతూ ఉండాలి, లేకపోతే జింక్ బరువుకి అడుగున చేరి పైన ఉత్త నూనె మిగులుతుంది. మొదటిసారి నాకు అలాగే అయింది, సగం డబ్బా వాడేదాకా ఎందుకు పనిచేయడం లేదో అర్థం కాలేదు. చిక్కబడ్డాక శుభ్రమైన పొడి డబ్బాలోకి తీసుకోండి.

కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీలు దాటితే కరిగిపోతుంది. తేనెమైనం వేసేది అందుకే. మీ దగ్గర వేడి ఎక్కువైతే తేనెమైనం ఇంకో చిన్న చెంచా పెంచుకోండి, చలి ఎక్కువైతే తగ్గించుకోండి, ఇది రెండు మూడుసార్లు చేస్తే చేతికి తెలిసిపోతుంది. ఇందులో నీళ్లు లేవు కాబట్టి త్వరగా పాడవదు, తడి వేలు పెట్టకపోతే రెండు మూడు నెలలు హాయిగా ఉంటుంది. నూనె ముక్కవాసన వచ్చిందంటే పారేయండి.

రాసుకోవాల్సింది శనగగింజంత. అంతకంటే వద్దు. వేలి కొసల మధ్య వెచ్చచేసి పల్చగా పూయండి, రెండు నిమిషాలాగి బట్టలు వేసుకోండి. ఎక్కువ రాస్తే ఎక్కువ పనిచేస్తుందని అనిపిస్తుంది కానీ జరిగేది చొక్కాకు నూనె మరక, నల్ల బట్టకు తెల్ల మచ్చ. ఇంత చేసే ఓపిక లేకపోతే సెంటు లేని జింక్ ఆక్సైడ్ క్రీమ్ మందుల షాపులో కొని అదే పల్చగా రాసుకోండి, అదీ పనిచేస్తుంది.

మిల్క్ ఆఫ్ మెగ్నీషియా. మలబద్ధకానికి, కడుపులో మంటకు తాగే తెల్లటి ద్రవం, అందులో ఉండేది మెగ్నీషియం హైడ్రాక్సైడ్. రుచి, తీపి కలపని మామూలు రకం తీసుకుని, సీసా బాగా కుదిపి, నాలుగైదు చుక్కలు వేళ్లతో చంకలో పూసి ఆరనివ్వండి. నూనె అస్సలు పడనివాళ్లకు ఇది బాగుంటుంది. క్షార గుణం ఉన్నదే, కాకపోతే నీళ్లలో చాలా కొద్దిగా కరుగుతుంది కాబట్టి సోడాలా ఒక్కసారిగా చర్మం మీద పడదు. అయినా మోచేతి పరీక్ష మానకండి.

వెనిగర్. ఒక వంతు వెనిగర్‌కు నాలుగు వంతుల నీళ్లు. మామూలు వెనిగర్‌లో 5 శాతం దాకా ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది, అది నేరుగా రాస్తే చర్మం కాలుతుంది, కాబట్టి కలపకుండా ఎప్పుడూ వాడకండి. దూదితో అద్ది, రెండు నిమిషాలయ్యాక కడిగేసుకోవచ్చు. ఆరాక వెనిగర్ వాసన పోతుంది. నేను దీన్ని రోజూ వాడను, వాసన బాగా పట్టేసిన రోజు రాత్రి మాత్రం వాడతాను.

ఉత్త పొడి. కార్న్‌ఫ్లోర్ గానీ ఆరోరూట్ గానీ ఒక చిటికెడు అద్దుకుంటే తడి పీలుస్తుంది, వాసనను మాత్రం ఆపదు. పటిక రాసి ఆరాక దాని మీద వేసుకుంటే బాగా కుదురుతుంది. టాల్కమ్ పౌడర్ వద్దంటాను, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2024లో టాల్క్‌ను "బహుశా క్యాన్సర్ కలిగించేది" అనే వర్గంలో చేర్చింది, కార్న్‌ఫ్లోర్ ఉండగా దాని జోలికి పోవడం ఎందుకు.

ఇవి మాత్రం రాయకండి

వంట సోడా గురించి మొదట్లోనే చెప్పాను. మన చర్మం పైపొర కొంచెం ఆమ్లంగా, పీహెచ్ 5కి అటూ ఇటూగా ఉంటుంది (పీహెచ్ అంటే ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం). సోడా కలిపిన నీళ్ల పీహెచ్ 8 దాటుతుంది. వాసన ఆగిపోతుంది, నిజమే, కానీ రోజూ రాస్తే చర్మం పైన ఉండే రక్షణ పొర దెబ్బతింటుంది, దానికి తోడు సోడా గింజల రాపిడి. కొందరికి ఏళ్లు వాడినా ఏమీ కాదు, వాళ్ల మాట విని మిగతావాళ్లు చంకలు కాల్చుకుంటారు. తప్పదనుకుంటే పైన చెప్పిన క్రీమ్ మొత్తానికి అర చిన్న చెంచా మించి కలపకండి, ఎర్రబడిన మొదటి రోజే ఆపేయండి.

నిమ్మరసం ఇంకా ప్రమాదం. దాని పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, పైగా నిమ్మజాతి పండ్లలో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు లేస్తాయి, తగ్గాక కూడా నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. చేతుల్లేని చొక్కా వేసుకుని బయటికి వెళ్లేవాళ్లకు ఇది నిజంగా జరుగుతుంది. చంకల నలుపు పోతుందని నిమ్మచెక్కతో రుద్దేవాళ్లు దయచేసి ఆపేయండి.

టీ ట్రీ నూనె, లావెండర్ నూనె లాంటి సుగంధ తైలాలు నేరుగా చుక్క వేసి రాయకూడదు. పైన చెప్పిన క్రీమ్ మొత్తానికి 10, 12 చుక్కలు, అంతే. ఒకసారి వీటికి అలర్జీ మొదలైతే జీవితాంతం ఉండిపోవచ్చు, అందుకే నేను అసలు వేయను. పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో సీసా అందకుండా పెట్టండి, టీ ట్రీ నూనె కడుపులోకి పోతే విషమే.

ఆరో మెట్టు: బట్టలు

సగం మంది ఓడిపోయేది ఇక్కడే. ఒళ్లు శుభ్రంగానే ఉంటుంది, రాసుకున్నదీ పనిచేస్తూనే ఉంటుంది, కానీ ఉతికిన చొక్కా వేసుకున్న అరగంటకే కంపు మొదలవుతుంది. అది మీ చంకది కాదు, చొక్కాది. పాత డియోడరెంట్ జిడ్డు, చెమట, బ్యాక్టీరియా అన్నీ చంక దగ్గర గుడ్డలో గట్టిపడి ఉంటాయి, ఒంటి వేడి తగలగానే వాసన లేస్తుంది. పరీక్ష సులువు, ఉతికిన చొక్కా చంక భాగాన్ని ఇస్త్రీ పెట్టెతో వేడిచేసి వాసన చూడండి. అప్పుడు తెలుస్తుంది.

గుడ్డ రకం కూడా ముఖ్యం. 2014లో బెల్జియం పరిశోధకులు 26 మందితో సైకిల్ వ్యాయామం చేయించి వాళ్ల బట్టల వాసన పోల్చి చూస్తే, కాటన్ కంటే పాలిస్టర్ బట్టలు ఎక్కువ కంపు కొట్టాయి, మైక్రోకాకస్ అనే బ్యాక్టీరియా పాలిస్టర్ మీద బాగా పెరిగింది. పాలిస్టర్ నూలు నీళ్లను పీల్చదు కానీ జిడ్డును మాత్రం పట్టుకుని వదలదు. కాబట్టి మానేసిన మొదటి నెల వదులుగా ఉండే కాటన్ బట్టలే వేసుకోండి. వ్యాయామానికి పాలిస్టర్ తప్పకపోతే విప్పిన వెంటనే నీళ్లలో జాడించి ఆరేయండి, బుట్టలో ముద్దగా పడేసి మర్నాడు ఉతుకుదామంటే అప్పటికే ఆలస్యం.

పాత బట్టల్లో పట్టేసిన వాసన తీయాలంటే: చొక్కా తిరగేసి, ఒక వంతు తెల్ల వెనిగర్, నాలుగు వంతుల చల్లటి నీళ్లలో అరగంట నానబెట్టి, పిండి, తర్వాత మామూలుగా ఉతకండి. మొండి మరకలకు వంట సోడాను నీళ్లతో ముద్ద చేసి చంక భాగానికి పట్టించి గంట ఉంచి ఉతకండి. చర్మానికి వద్దన్న సోడా ఇక్కడ బంగారంలా పనిచేస్తుంది. రెండూ ఒకేసారి కలపకండి, ఒకదాన్ని ఒకటి చంపేసుకుంటాయి, ఏదీ పనిచేయదు. ఇక వెనిగర్‌ను బ్లీచింగ్ ద్రవంతో ఎప్పుడూ, ఎప్పుడూ కలపకండి, విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ మానేయండి, అది గుడ్డ మీద పొరలా పట్టి వాసనను లోపలే దాచిపెడుతుంది. తిరగేసి ఎండలో బాగా ఆరేదాకా ఉంచండి. ఇంత చేసినా వాసన పోని పాత బనియన్లు ఉంటే ఇల్లు తుడవడానికి వాడుకోండి, వాటితో ఇంక కుస్తీ పట్టొద్దు.

మొదటి మూడు వారాలు ఎలా ఉంటాయి

మొదటి వారం ఒంటి వాసన ముందుకంటే ఎక్కువైనట్టు అనిపించవచ్చు, ముఖ్యంగా ఇన్నాళ్లూ యాంటీపెర్‌స్పిరెంట్ వాడినవాళ్లకు. ఆగి ఉన్న చెమట మళ్లీ మామూలుగా వస్తుంది, చంకలో ఉండే బ్యాక్టీరియా రకాలు మారతాయి. కొందరు దీన్ని "డిటాక్స్" అంటారు, విషాలు బయటికి పోతున్నాయని మట్టి పట్టీలు, బొగ్గు పట్టీలు వేయమంటారు. అలాంటిదేమీ జరగదు. ఒంట్లో చెత్తను బయటికి పంపేవి కాలేయం, కిడ్నీలు, చంకలు కాదు. ఏ పట్టీ వేసినా వేయకపోయినా చాలామందికి రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది.

అందుకే సెలవులు కలిసొచ్చే రోజుల్లో మొదలుపెట్టండి, ఇంటర్వ్యూ, పెళ్లి లాంటివి ఉన్న వారంలో కాదు. బయటికి వెళ్లేటప్పుడు బ్యాగులో ఒక కాటన్ రుమాలు, చిన్న పటిక స్ప్రే, అదనంగా ఒక బనియన్ పెట్టుకోండి. మీ వాసన మీకు తెలియదు, ముక్కు దానికి అలవాటు పడిపోతుంది, కాబట్టి ఇంట్లో మీరు నమ్మే ఒకరిని నిజం చెప్పమని అడగండి. ఎక్కువ సెంటు వాసన అలవాటైనవాళ్లకు మామూలు ఒంటి వాసన కూడా కంపులా తోస్తుంది, సాయంత్రానికి చంక దగ్గర ముక్కు పెడితే గానీ తెలియని వాసన ఉంటే అది సమస్యే కాదు.

మూడు వారాల తర్వాత కూడా పటికతో ఫలితం లేకపోతే జింక్‌కు మారండి. జింక్ కూడా చాలకపోతే రాత్రి వెనిగర్ నీళ్లు, ఉదయం జింక్, ఇలా కలిపి చూడండి. అయినా కుదరకపోతే మళ్లీ సెంటు లేని మామూలు డియోడరెంట్ వాడుకోండి, అందులో తప్పేమీ లేదు, పనిరోజు మొత్తం కుంచించుకుపోయి కూర్చోవడం కంటే అది నయం.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి

ఇంటి వైద్యం పనికిరాని చోట్లున్నాయి. చంకల్లో నొప్పితో గడ్డలు మళ్లీ మళ్లీ లేచి చీము కారుతుంటే అది హైడ్రాడెనైటిస్ కావచ్చు, ఎంత త్వరగా చూపిస్తే అంత మంచిది, శుభ్రత లేక వచ్చిందని సిగ్గుపడి దాచుకోకండి, అది శుభ్రతకు సంబంధించిన జబ్బు కాదు. గోధుమరంగు మచ్చలు పాకుతున్నా, వెంట్రుకలకు పసుపు రంగు ఉండల్లాంటివి అంటుకున్నా అది ఇన్ఫెక్షన్, మందు వాడితే తగ్గుతుంది. చల్లటి గదిలో కూర్చున్నా చెమట ధారగా కారుతుంటే దాన్ని హైపర్‌హైడ్రోసిస్ అంటారు, దానికి వేరే చికిత్సలున్నాయి, పటికతో అది ఆగదు. ఎంత కడిగినా చేపల వాసన వస్తున్నా, రాత్రిళ్లు పక్క తడిసేలా చెమట పడుతున్నా, కారణం లేకుండా ఒంటి వాసన ఒక్కసారిగా మారిపోయినా చూపించుకోండి. షుగర్ ఉన్నవాళ్ల ఊపిరిలో పండ్ల వాసనలాంటిది వస్తూ నీరసం, వాంతులు ఉంటే మాత్రం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకొకటి, ఆడవాళ్లు మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే) తీయించుకునే రోజు చంకల్లో, రొమ్ముల దగ్గర ఏమీ రాసుకోవద్దు. ఇంట్లో చేసిన క్రీమైనా సరే. జింక్, అల్యూమినియం, పొడులు ఎక్స్‌రేలో తెల్లటి చుక్కల్లా కనిపించి లేని జబ్బు ఉన్నట్టు అనుమానం తెప్పిస్తాయి. రాసుకుని వెళ్లిపోతే పరీక్షకు ముందే అక్కడివాళ్లకు చెప్పండి, తుడుచుకోవడానికి ఏదైనా ఇస్తారు.